ఏడో డబ్బాలో సబ్బు ప్రకటనలు

ఫిలిం ఆర్కైవ్, కింది గది
జూన్ 4

మావయ్యా,

నీ చెవుల సంగతి తెలిసి కూడా ఫోన్ చేయడం నాదే తప్పు. నేనొకటి అడిగితే నువ్వింకొకటి చెప్పావు. చివరికి ఇద్దరం వాన గురించి మాట్లాడుకుని పెట్టేశాం. ముప్పై ఏళ్ళు ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డ చెవులు, వాటినేమని లాభం! అందుకే ఇలా కాగితం మీద పడ్డాను. ఇంక తప్పించుకోలేవు.

మూతపడిన ఒక డిస్ట్రిబ్యూటర్ గోడౌన్ నుంచి మాకు నూట పన్నెండు డబ్బాలు వచ్చాయి. డబ్బా తెరవడం, వాసన చూడడం, ఫిలిం బతికుందో పోయిందో రాసుకోవడం, చిరిగినచోట అతకడం, ఇదే కదా నా ఉద్యోగం. అమ్మ దీన్ని "పోయినవాళ్ళకి తల దువ్వే పని" అంటుంది. ఆ డబ్బాల్లో ఎనిమిది రీళ్ళ సినిమా ఒకటి తగిలింది. పేరు "ఖాళీ కుర్చీకి కోపం". నువ్వెప్పుడైనా విన్నావా అని అడగను, ఎందుకంటే మొదటి డబ్బాలో ఒక చీటీ మడతపెట్టి ఉంది. దాని మీద నువ్వు పనిచేసిన హాలు ముద్ర, కింద "ఆరు రోజులు ఆడినది" అని నీ కోడిగీతల చేతిరాత. ఇంకే ఊళ్ళోనూ, ఇంకే హాల్లోనూ ఆడినట్టు ఎక్కడా లేదు. ఈ సినిమా గురించి ఒక్క పత్రికలో ఒక్క ముక్క రాసినవాడు లేడు. పుట్టుక నుంచి చావు దాకా దాన్ని చూసింది నువ్వొక్కడివే అనుకుంటా. అదెలాంటి సినిమా? ఎందుకు ఆగిపోయింది? నీకు గుర్తున్నదంతా రాయి.

ఇంకో సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు గుంజాటన పడ్డాను. అమ్మ మళ్ళీ గోడ పట్టుకుంటోంది. మొదట్లో వంటగదిలోకి వెళ్తూ వస్తూ అరచెయ్యి ఆనించి వెళ్ళేది, నేనూ చూడనట్టు ఊరుకున్నాను. ఇప్పుడు ఆనించిన చెయ్యి తియ్యట్లేదు. చెయ్యి తీస్తే గోడ కూలిపోతుందట. అన్నం కూడా నిలబడే తింటోంది. డాక్టరుని ఇంటికే పిలిపించాను. రెండు మూడు వారాలు ఆస్పత్రిలో ఉంటే సర్దుకుంటుంది అన్నాడు. అమ్మ మాత్రం "నేను కదిలితే ఇల్లు నీ నెత్తిన పడుతుందే" అంటుంది.

నాకు ఆరేళ్ళప్పుడు కూడా ఇలాగే అయింది కదా. అమ్మ ఎవరో చుట్టాన్ని చూసుకోవడానికి వెళ్ళిందని చెప్పి నన్ను మీ ఇంట్లో పెట్టుకున్నారు. ఆస్పత్రికి వెళ్ళిందని నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు ఎవరూ లాక్కెళ్ళలేదని, తనంతట తనే నడిచి వెళ్ళిందని నాన్న ఒకసారి అన్నాడు. నాన్న ఇప్పుడు లేడు, నువ్వున్నావు. మావయ్యా, అమ్మ అప్పుడెలా ఒప్పుకుంది?

నీ
అమ్మలు


ఇల్లు, వీధి వైపు అరుగు
జూన్ 13

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి కళ్ళజోడు లేకుండా, ఒకసారి పెట్టుకుని. రెండుసార్లూ ఒకేలా ఉంది.

ఆ సినిమానా, అబ్బో! మొదటిరోజు నలభై మంది వచ్చారు. రెండోరోజు పదకొండు మంది. మూడోరోజు నుంచీ ఖాళీ కుర్చీలకే వేశాను. పేరులో ఉన్నట్టు వాటికి కోపం రాలేదు గానీ మా హాలు యజమానికి వచ్చింది. "ఏంటయ్యా ఇది, పిచ్చిదాని సినిమా అయితే భయం ఉండాలి, లేకపోతే ఏడుపుండాలి, ఇదేంటి చుట్టాలింట్లో కూర్చున్నట్టుంది" అన్నాడు. నాకు మటుకు అందుకే నచ్చింది. కుర్చీలు ఖాళీగా ఉంటే వాటి మనసు నొచ్చుకుంటుందనుకునే ఒక టైపిస్టు. కనిపించిన ప్రతి కుర్చీలోనూ కాసేపు కూర్చుని పోతుంది పాపం. వాళ్ళాయన బస్సు కండక్టరు. అంతకంటే చెప్పడానికేముంది, నువ్వే చూసుకుంటావుగా.

ఎందుకు ఆగిపోయిందంటే ఏం చెప్పను? కొన్ని సినిమాలకి ఆయుష్షు అంతే. మీ డబ్బాలన్నీ సరిగ్గా ఉన్నాయా? ఎనిమిదీ తెరిచావా? పాత ఫిలిం కదా, ఒకటీ అరా పాడైపోయి ఉంటే బెంగపడకు. పోయింది పోయిందనుకుని రాసేసుకో.

అక్క సంగతి చదివి మనసు మనసులో లేదు. అప్పుడు మంచిమాటలతోనే ఒప్పుకుంది. నువ్వు కూడా మంచిమాటలు చెప్పు. తొందరపెట్టకు. కాలికి చెప్పులేసుకుని నిలబడమను, నేల చల్లగా ఉంటుంది. నేనే వచ్చేవాణ్ణి గానీ నా మోకాళ్ళు మా వీధి చివర దాకా కూడా రానంటున్నాయి, మీదేమో నాలుగో అంతస్తు.

నీ
మావయ్య


ఫిలిం ఆర్కైవ్, కింది గది
జూలై 2

మావయ్యా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. డబ్బాల గురించి నేనేమీ అనలేదే. ఎనిమిదీ తెరిచావా, ఒకటీ అరా పోయి ఉంటే బెంగపడకు అని నువ్వే ఎందుకు రాశావు?

ఎనిమిదీ తెరిచాను. ముందు సినిమా సంగతి చెప్తాను, ఎందుకంటే దాన్ని చూసిన దగ్గర్నుంచీ ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఒళ్ళంతా దురదగా ఉంది. నాలుగో రీల్లో ఆ సభ హాలు ఉంది చూడు, రెండు వందల కుర్చీలు వరసగా వేసి ఉంటాయి. మంత్రిగారు రావడానికి ఇంకా గంటుంది. టైపిస్టు మొదటి కుర్చీలో కూర్చుంటుంది, లేస్తుంది, రెండో దాంట్లో కూర్చుంటుంది. వాచ్‌మన్ వచ్చి అరుస్తాడు. ఆవిడ చెప్పింది విని కాసేపు తల గోక్కుని, "అమ్మా, ఇలా అయితే పొద్దుపోతుంది. ఆ చివర్నుంచి నేనొస్తా, మీరిటు నుంచి రండి" అని తనూ మొదలుపెడతాడు. ఇద్దరూ మధ్యలో కలుసుకుంటారు. నేను ఒక్కదాన్నే బల్ల దగ్గర పడీ పడీ నవ్వి, తర్వాత ఏడ్చాను. ఆవిణ్ణి చూసి ఎవరూ జాలిపడరు, ఎవరూ భయపడరు. విసుక్కుంటారు, వాదిస్తారు, కుర్చీ జరుపుతారు. మనవాళ్ళని మనం చూసుకునేది అలాగే కదా. ఇంత మంచి సినిమాకి ఆరు రోజులేంటి మావయ్యా?

తర్వాత జబ్బు ముదురుతుంది. బస్సులో ప్రతి సీటుకీ మారుతూ ఎక్కడ దిగాలో మర్చిపోతుంది, ఆఫీసు పోతుంది, తిండి పోతుంది. ఆరో రీలు చివర్లో మంచం కింద దూరి "ఆస్పత్రికి రాను, నేను పోతే వీటిలో ఎవరు కూర్చుంటారు" అంటుంది. ఎనిమిదో రీలు మొదట్లో మందుల సంచీ పట్టుకుని ఇంటి మెట్లెక్కుతోంది, బుగ్గలు కాస్త పూడాయి. మధ్యలో ఏం జరిగింది? ఎవరు ఒప్పించారు, ఏమని ఒప్పించారు? ఏడో డబ్బా తెరిస్తే ఏముందో తెలుసా? సబ్బు ప్రకటనలు. ఒకే అమ్మాయి ఒకే సబ్బుతో పద్దెనిమిది నిమిషాల పాటు మొహం కడుక్కుంటూనే ఉంది. పాత ప్రకటనల ముక్కలన్నీ ఏరి, సరిగ్గా ఒక రీలు బరువు వచ్చేలా అతికారు. డబ్బా ఎత్తి చూసినవాడికి తేడా తెలియదు.

ఆ అతుకుల్ని భూతద్దం పెట్టి చూశాను. అతికే ముందు ఫిలిం మూలల్ని గోళ్ళ కత్తెరతో గుండ్రంగా తీశారు, మిషన్లో పట్టుకోకుండా ఉండడానికి. ఈ గదిలో పదేళ్ళుగా కొన్ని వేల అతుకులు చూశాను మావయ్యా, మూలలు గుండ్రంగా తీసే ఆపరేటర్ ఒక్కడంటే ఒక్కడే తగిలాడు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పించింది కూడా ఆయనే. దొంగపనిలో కూడా పనితనం వదల్లేదు!

ఏడో రీలు ఏమైంది? దాన్ని నువ్వెందుకు తీశావు?

నవ్వులాటకి అడగట్లేదు. అమ్మ పాదాలు వాచాయి. రాత్రి రెండు గంటలు కుర్చీ వేస్తే కూర్చుంటుంది గానీ చెయ్యి తియ్యదు. నేను పట్టుకుంటాను నువ్వు పడుకో అంటే, "నీ వల్ల కాదు, నువ్వు నిలబడ్డా అది నీ మీదే పడుతుంది" అంటుంది. డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు. నేను సంతకం పెడితే మనుషులొచ్చి తీసుకెళ్తారు. అది నా సంచీలోనే ఉంది. అమ్మ చెయ్యి గోడ మీంచి వాళ్ళు లాగేస్తుంటే నేను పక్కన నిలబడి చూడాలి. అలా తీసుకెళ్తే అమ్మ నన్ను మళ్ళీ నమ్ముతుందా? పెట్టకపోతే ఆ కాళ్ళేమవుతాయి? మంచిమాటలు చెప్పమన్నావు. చెప్పాను. ఏ మంచిమాటలో నీకు తెలుసు, చెప్పకుండా తేలు కుట్టిన దొంగలా కూర్చున్నావు.

అమ్మలు


ఇల్లు, వీధి వైపు అరుగు
జూలై 15

అమ్మలూ,

నిజమే. తేలు కుట్టిన దొంగనే. ఆ తేలు ముప్పై ఏళ్ళ నుంచి కుడుతూనే ఉంది.

నువ్వు రెండు ప్రశ్నలడిగావు. అక్క ఎలా ఒప్పుకుందని ఒకటి, రీలు ఏమైందని ఇంకోటి. రెంటికీ ఒకటే జవాబు. అందుకే ఏదీ చెప్పలేకపోయాను. నీకు చెప్పనని అక్కకి అప్పట్లో మాటిచ్చాను, అదో అడ్డు. రెండో అడ్డు నా సిగ్గు.

అప్పట్లో మీ ఇల్లు కిందే ఉండేది, విడిగా ఒక్కటే ఇల్లు. లోపల మనిషి ఉంటేనే గోడ పడుతుందని అక్క లెక్క. మీ నాన్న షాపుకీ, నువ్వు బడికీ వెళ్ళిపోతే ఇల్లు ఖాళీ, కాబట్టి పొద్దున రెండు మూడు గంటలు అక్కకి సెలవు. మీ నాన్న మంచివాడే, కానీ బాగా భయపడిపోయాడు. నలుగురు మనుషుల్ని పెట్టి తీసుకుపోదామన్నాడు. ఒక్క వారం ఆగు బావా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆగమన్నానే గానీ ఏం చేయాలో నాకేం తెలుసు? నాకు తెలిసింది సినిమా వెయ్యడం ఒక్కటే.

సరిగ్గా ఆ వారమే ఈ సినిమా వచ్చింది. ఏడో రీల్లో ఆస్పత్రి ఉంటుంది. మన సినిమాల్లో ఆస్పత్రి అంటే కరెంటు షాకులూ, గొలుసులూ, కిటికీ పట్టుకుని నవ్వేవాళ్ళూ. ఇందులో అలా కాదు. ఆవిడ లోపలికి అడుగుపెట్టగానే నర్సు ఒక రిజిస్టరు తెచ్చి, "ఏ కుర్చీకి ఎక్కువ కోపంగా ఉందో చెప్పండి, ముందు దాన్ని చూద్దాం" అంటుంది. డాక్టరు తన కుర్చీ ఆవిడకిచ్చి నిలబడే మాట్లాడతాడు. ఇంటి దగ్గర పక్కింటివాళ్ళు వంతులేసుకుని ఆవిడ కుర్చీల్లో కూర్చుంటారు, వాళ్ళు ఆ మాటిచ్చాకే ఆవిడ ఆస్పత్రికి బయల్దేరింది. చిరాకు ముఖం ఇంటి ఓనరు కూడా పేపరు పట్టుకుని వచ్చి, "నా వంతు ఎనిమిదింటికి" అంటాడు. అది చూడగానే అక్కని తీసుకొచ్చి కూర్చోబెట్టాలనిపించింది. జనంలో కూర్చోలేదు కాబట్టి మ్యాట్నీకి ముందే, తలుపులేసి, హాలంతా అక్క ఒక్కదానికే వేశాను. ఆ ఒక్క రీలే. అయిపోగానే "మళ్ళీ వెయ్యి" అంది. వేశాను. మర్నాడూ అంతే.

ఆరు రోజులకి సినిమా ఎత్తేశారు. ప్రింటు తిరిగి పంపించెయ్యాలి. అక్క ఇంకా ఊ అనలేదు. నేనేం చేశానో నీకు తెలుసు. ఏడో డబ్బాలో సబ్బు పెట్టి పంపించేశాను. ఒక నెల ఉంచుకుని ఏదో సాకు చెప్పి ఇచ్చేద్దామనుకున్నాను. మీ నాన్నని ఇంకో వారం, ఇంకో వారం అని ఆపుతూ నలభై మూడు రోజులు వేశానమ్మా ఆ రీలుని. నలభై మూడో రోజు పొద్దున అక్క లేచి చీర సర్దుకుని, "పద, నేనెళ్తాను" అంది. ఆ రోజు నేను ప్రొజెక్టర్ ఆపకుండానే మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాను.

ఈలోగా ఆ దర్శకుడు ఎలాగో ఇంకో ఊళ్ళో ఒక హాలు ఒప్పించుకున్నాడట. అక్కడ ఏడో రీలు దగ్గర తెర మీద సబ్బు వచ్చింది. జనం ఈలలేశారు. అంతటితో సరి, ఇంకెవడూ ఆ సినిమా ముట్టుకోలేదు. ఆయన నా కేబిన్‌కి వచ్చాడు. సన్నగా, నలిగిన చొక్కాతో. "మీ దగ్గరేమైనా ఉండిపోయిందా అండీ?" అని అడిగాడు. నా వెనక బీరువాలో ఉంది. "లేదండీ" అన్నాను. నన్ను తిట్టలేదు. "మీరు చూశారా, ఎలా ఉంది?" అన్నాడు. "బాగుందండీ" అన్నాను. అప్పుడైనా ఇచ్చెయ్యొచ్చు. ఇస్తే నా ఉద్యోగం పోతుంది, అక్కని ఆస్పత్రిలో పెట్టిన సంగతి ఊరంతా తెలుస్తుంది, అందుకని ఇవ్వలేదు. ఆయన ఇంకో సినిమా తియ్యలేదు. బళ్ళల్లో పిల్లల గ్రూపు ఫొటోలు తీసుకుంటూ బతికాడని తర్వాత విన్నాను. మా అక్క బాగుపడింది, ఆయన సినిమా చచ్చిపోయింది. ఒక చేత్తో బతికించి ఇంకో చేత్తో చంపినవాణ్ణి నేను.

రీలు పార్సిల్లో పంపుతున్నాను. పులుపు వాసన కొడుతోంది, ఫిలిం చివికిపోతున్నట్టుంది, జాగ్రత్త. ఇంక నేను పెద్దమనిషినని నీకు చెప్పుకోలేను. కానీ అది అక్కకి వెయ్యి. ఒకసారి పని చేసింది, మళ్ళీ చేస్తుందేమో.

మావయ్య


ఫిలిం ఆర్కైవ్, కింది గది
ఆగస్టు 30

మావయ్యా,

రీలు చేరింది. నిన్ను క్షమించానని రాద్దామని కూర్చున్నాను గానీ, క్షమించాల్సింది ఆ దర్శకుడు, నేను కాదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయిందని కనుక్కున్నాను. నేను చేయగలిగింది ఒకటే. రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాశాను. ఏడో రీలు ఎవరు తీశారో, ఎందుకు తీశారో, ఎన్నిసార్లు వేశారో. సినిమాని అందరికీ వేసినప్పుడు ఆ కాగితం కూడా చదువుతారు. నువ్వు వద్దన్నా ఇది జరుగుతుంది.

ఆ రీలు అవస్థ చెప్తే నమ్మవు. మిగతా ఏడు రీళ్ళూ నిన్న వచ్చినట్టున్నాయి, ఎవరూ చూడలేదు కాబట్టి. ఇదొక్కటీ ముసలిదైపోయింది. పక్క రంధ్రాలు సగం చిరిగిపోయాయి. బొమ్మ మీద పై నుంచి కింది దాకా పచ్చటి గీత, వాన కురుస్తున్నట్టు. నాలుగు వారాలు పట్టింది బాగుచెయ్యడానికి. మిషన్ మీదికి ఎక్కించే ధైర్యం లేక ఒక్కో బొమ్మనే ఫొటో తీసి కాపీ చేశాం. ఆ నర్సు మొహం తేటగా కనిపించిన రోజు మా గదిలో నలుగురం చప్పట్లు కొట్టాం.

అమ్మని ఇక్కడికి తీసుకురావడం కుదరదు. ఇప్పుడు మాది ఒంటరి ఇల్లు కాదుగా, పైన ముగ్గురు, కింద ఐదుగురు. ఎవరో ఒకరు ఎప్పుడూ లోపలే ఉంటారు, కాబట్టి అమ్మకి సెలవే లేదు. అందుకని చిన్న ప్రొజెక్టర్ ఒకటి అడిగి తెచ్చుకుని రెండు వారాల కిందటి ఆదివారం ఆ గోడ మీదే వేశాను. అమ్మ పట్టుకున్న గోడ మీదే. బొమ్మ అమ్మ చేతి మీదా భుజం మీదా పడింది. తల తిప్పి చూసింది. ఆ పచ్చ గీత రాగానే, "ఇది మా తమ్ముడి రీలు" అంది. నవ్వింది మావయ్యా! ఇంటి ఓనరు పేపరుతో వచ్చేసరికి, "నా వంతు ఎనిమిదింటికి" అని అతనికంటే ముందే అంది. అన్నీ నోటికొచ్చు. ఇంక ఒప్పుకుంటుందనుకున్నాను.

అయిపోయింది. "అమ్మా, ఆవిడ వెళ్ళింది కదా, నువ్వూ వెళ్దువుగాని" అన్నాను. "ఆవిడవి కుర్చీలే. నాది గోడ" అంది. మళ్ళీ వేశాను. మర్నాడు వేశాను. పది రోజులు వేశాను. చూస్తుంది, నవ్వుతుంది, చెయ్యి తియ్యదు. సినిమా పని చెయ్యలేదు. సినిమాలు మందుబిళ్ళలు కావు, ఆ మాత్రం నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఏదైనా అతికితే అతుక్కుంటుందనుకునే పని కదా నాది, అదే నా బుద్ధికీ పట్టుకుంది.

కాళ్ళ మీద చర్మం పగిలింది. డాక్టరు సెప్టెంబరు పన్నెండు దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత కాగితం మీద సంతకం పెట్టక తప్పదు. నాకు చాలా భయంగా ఉంది మావయ్యా. నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా.

అమ్మలు


ఇల్లు
సెప్టెంబరు 5

అమ్మలూ,

సంతకం పెట్టకు. ఎనిమిదో తారీకు పొద్దున బస్సుకి వస్తున్నాను. స్టాండుకి రావద్దు, నువ్వు అక్క దగ్గరే ఉండు. మెట్లు ఎలా ఎక్కుతానని అడగకు, ఎక్కుతాను.

అక్కకి చెప్పకు.

మావయ్య


ఆస్పత్రి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం
సెప్టెంబరు 19

ఒరేయ్ తమ్ముడూ,

పెన్ను అడిగితే ఇస్తారో ఇవ్వరో అనుకున్నాను. నర్సు ఇచ్చింది. మూత మాత్రం తన జేబులోనే ఉంచుకుంది, లేకపోతే ఎవరూ తిరిగివ్వరట. ఈవిడ దగ్గర రిజిస్టరు ఉంది గానీ అందులో కుర్చీల కోపాలు రాసుకోదు, ఎన్ని ఇడ్డూరాలు చెప్పినా టైము, బిళ్ళ, అంతే రాసుకుంటుంది. సినిమా నర్సు ఇంతకంటే మెరుగు. అయినా ఇది కూడా మంచిదే, రాత్రి నేను లేస్తే తనూ లేస్తుంది.

నా కాళ్ళు తగ్గాయి. నిన్న చెప్పులు పట్టాయి. నోరు ఎండిపోతోంది, మధ్యాహ్నమంతా మత్తుగా ఉంటోంది. ఎదురు మంచం ఆవిడ ఒకే తువ్వాలు పొద్దుటి నుంచీ మడతపెడుతుంది, విప్పుతుంది. నాలుగో రోజు నేనూ ఒక కొస పట్టుకున్నాను. ఇద్దరం పడితే మడత బాగా వస్తోంది. ఇక్కడి గోడలు పట్టుకోవడం లేదేంటని డాక్టరు అడిగాడు. "మీ ఆస్పత్రి, మీరే చూసుకోండి" అన్నాను. చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, నిజంగానే అన్నాను.

నువ్వు ఆ సినిమా తీసినాయన గురించి కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నావని మన అమ్మలు పాప నిన్న చెప్పింది. పెట్టుకో, తప్పు చేశావు. ఆయన వచ్చినప్పుడైనా ఇచ్చేసి ఉండాల్సింది. ఆ ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకునేవాడివి. సినిమాని అందరికీ వేసేటప్పుడు నేనూ వస్తాను, నీ తప్పు చదువుతుంటే నీ పక్కనే కూర్చుంటాను. మిగతా ఏడు రీళ్ళూ నేనింతవరకూ చూడనే లేదు తెలుసా? నువ్వెప్పుడూ ఆ ఒక్కటే వేశావు. ఆ టైపిస్టుకి పెళ్ళయిందని కూడా నాకు పాప చెప్తేనే తెలిసింది.

కానీ ఒక మాట నీకు చెప్పాలి. ముప్పై ఏళ్ళ కిందటే చెప్పాల్సింది. నీ ముఖం చిన్నబోతుందని ఊరుకున్నాను.

నేను ఆ సినిమా చూసి ఆస్పత్రికి వెళ్ళలేదురా. సినిమా బాగుంది, అది వేరే సంగతి. మొదటి నాలుగు రోజులు చూశాను. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని నీ కేబిన్ కిటికీ చూసేదాన్ని. రీలు అయిపోగానే పరుగెత్తుకుంటూ కిందికొచ్చి "ఎలా ఉందక్కా" అనేవాడివి. నేను "మళ్ళీ వెయ్యి" అనేదాన్ని, ఎందుకంటే ఏమనాలో తెలిసేది కాదు. మళ్ళీ పరుగెత్తుకెళ్ళి చుట్టేవాడివి. ప్రొజెక్టర్ దీపంలో మండే కార్బన్ పొగకి దగ్గు. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఇంకోటి. తిన్నావో లేదో. నాకు గోడ సంగతి తప్ప ఇంకేదీ పట్టని రోజులవి, అయినా నువ్వు చిక్కిపోవడం కనిపించింది. నలభై మూడో రోజు అనుకున్నాను, ఇంకో వారం ఇలా ఇదే రీలు వేస్తే నాకంటే ముందు వీడికి పిచ్చెక్కుతుంది, వీణ్ణి చూసుకునేవాళ్ళు ఎవరూ లేరు అని. అందుకని లేచి చీర సర్దుకున్నాను.

ఇప్పుడూ అంతే. పాప పాపం పది రోజులు ఆ బొమ్మ వేసింది. దానికి తెలియదు. ఎనిమిదో తారీకు పొద్దున తలుపు చప్పుడైతే చూశాను. నాలుగంతస్తులెక్కి, మంచినీళ్ళయినా తాగకుండా, సంచీ కింద పడేసి నా పక్కన వచ్చి గోడకి రెండు చేతులూ ఆనించావు. "నేను పట్టుకున్నా, నువ్వెళ్ళక్కా" అన్నావు. నేను నమ్మలేదు. కాసేపుండి పోతావనుకున్నాను. పాప అన్నం కలిపి నీ నోట్లో పెట్టింది, చెయ్యి తియ్యలేదు. సాయంత్రానికి నీ మోకాళ్ళు వణుకుతున్నాయి. నువ్వు దాచుకుందామని పళ్ళు బిగించావు గానీ మన ఇద్దరి చేతులూ పక్కపక్కనే ఉన్నాయి కదరా, నీ వణుకు నా చేతికి తెలిసింది. గోడ పడుతుందన్న భయం నాకు అలాగే ఉంది. నువ్వు పడతావన్న భయం దాన్ని మించిపోయింది. నేను చెయ్యి తీసింది అందుకే.

నేను ఇక్కడికి వచ్చేశాక కూడా నువ్వు ఆ గోడ పట్టుకునే ఉన్నావని పాప కోప్పడుతోంది. "పడదని నీకు తెలుసుగా మావయ్యా" అంటే, "అక్కకి మాటిచ్చాను" అన్నావట. ఆ గోడ పడదని నాకూ తెలుసు. పగలు తెలుస్తుంది, రాత్రి తెలియదు. రాత్రి కూడా తెలియడానికే ఈ మందులు, ఇంకో రెండు వారాలు పడుతుందంటున్నారు. అప్పటిదాకా పట్టుకో, నేను వద్దనను. నువ్వు పట్టుకున్నావన్న ధైర్యంతోనే ఇక్కడ నిద్రపోతున్నాను. కానీ కుర్చీ వేసుకో తమ్ముడూ. కూర్చుని కూడా పట్టుకోవచ్చు.

నీ
అక్క